ఆంటీ నడక, అంకుల్ చెయ్యి

సింగపూర్‌లో పాతకాపు తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే టోవా పాయో అంకుల్ మాట రాకుండా ఉండదు. ఈ ఊళ్ళో చేత్తో బొమ్మలు గీసి, వాటిని సినిమా తెర మీద నడిపించిన తొలితరం మనుషుల్లో ఆయన ఒకరు. కబురు మాత్రం ఎప్పుడూ ఒకే చోట ముగుస్తుంది. "పాపం, ముసలితనంలో చెయ్యి వణికేదట. ఎవరో కంప్యూటర్ కుర్రాడు ఆ బొమ్మలు సరిచేసి పెట్టాడట."

ఆ కుర్రాణ్ణి నేనే. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ మాట పుట్టించిందీ నేనే. అది నిజం కాదు. ఆయన చెయ్యి వణకలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని లోకం భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని నాలాంటివాళ్ళు విమానాల నిండా ఇక్కడ దిగారు. ఒంగోలు నుంచి వచ్చిన నేను ఆ తేదీల పని కాస్త చేసి, అది అయిపోగానే ఆంగ్ మో కియోలో పిల్లలకి పాఠాల సీడీలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. ఆఫీసుకి దగ్గరగా ఉంటుందని టోవా పాయోలో ఒక పాత బ్లాకులో గది అద్దెకి తీసుకున్నాను. ఆ ఫ్లాట్ అంకుల్, ఆంటీలది. వాళ్ళమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోగా ఖాళీ అయిన గది.

పెట్టె కింద పెట్టకముందే అంకుల్ అడిగిన మొదటి ప్రశ్న, "బొమ్మలు గీస్తావేటి?"

"లేదంకుల్. ప్రోగ్రాములు రాస్తాను."

"పోన్లే, ఏదో ఒకటి. మకాన్ అయిందా?"

మకాన్ అంటే భోజనమని ఆ రోజే తెలిసింది. అంకుల్ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చినవాడు. అంకుల్ పుట్టింది తోటలోనే. మూడు తరాల కిందటి శ్రీకాకుళం తెలుగులో మలాయ్, తమిళం మాటలు కలిసిపోయి, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే మొదటి నెల నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం ఆంటీ నవ్వుని బట్టి ఊహించుకునేవాణ్ణి.

అంకుల్ గొప్పలు చెప్పుకోవడంలో ఏమాత్రం మొహమాటపడేవాడు కాదు. "నేను లేకపోతే ఈ ఊళ్ళో పళ్ళపొడి అమ్ముడయ్యేదేటి? అందరూ బొగ్గుతోనే తోముకునేవోళ్ళు" అనేవాడు. కుర్రతనంలో సినిమా హాళ్ళ ముందు పెద్ద పెద్ద బోర్డులు వేసేవాడట. హాల్లో ప్రొజెక్టర్ తిప్పే స్నేహితుడు తెగిపోయిన ఫిల్ము ముక్కలు ఇస్తే, వాటిని కిటికీకి అడ్డంపెట్టి చూసి, ఒక్కో గడిలో బొమ్మ పిసరంత మారుతోందని కనిపెట్టాడు. ఎవరూ నేర్పలేదు. వంటింటి అలమర తలుపు ఊడదీసి, మధ్యలో కోసి, అద్దం బిగించి, కింద బల్బు పెట్టాడు. కాగితాలు కదలకుండా చెక్కకి రెండు మేకులు కొట్టాడు. కాగితాలకి రెండు కన్నాలు. అంతే సామగ్రి.

"తలుపు లేని అలమరలో బల్లులు" అని ఆంటీ వంటింట్లోంచి అందించేది.

"బల్లుల సంగతి కూడా సెప్పాలేటి ఇప్పుడు?"

"సెప్పు మరి. అన్నీ నీ గొప్పలేనా?"

ఆయన మొదటి బొమ్మ, కాళ్ళూ చేతులూ వచ్చి డాన్సు చేసే పళ్ళపొడి డబ్బా. అసలు సినిమాకి ముందు ఒక్క నిమిషం ప్రకటనగా వచ్చి పోయేది. అది పడిన మొదటిరోజు ఈయన అన్ని ఆటలకీ వెళ్ళి, తెరకి వీపు పెట్టి కూర్చుని, జనం మొహాలు చూస్తూ ఉండిపోయాడట. ఆ తరవాత తలనూనె సీసా, బిస్కట్ల రైలు, గొడుగులో నిద్రపోయే ఏనుగు. ఆ దుకాణాలు ఎప్పుడో మూతపడ్డాయి, ఫిల్ములూ పోయాయి.

బొమ్మలైనా దాచుకోలేదా అని అడిగాను. అలా దాచుకునే పద్ధతే లేదన్నాడు. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మని అద్దంలాంటి పల్చటి షీటు మీదకి సిరాతో ఎక్కించి రంగులు వేసేవారు. కెమెరాతో తీసేది ఆ షీట్లనే. అవి ఓడలో రావాలి, ఎప్పుడొస్తాయో తెలీదు. అందుకని తీయడం అయిపోగానే కడిగేసి తరవాతి బొమ్మకి వాడుకునేవారు. కడిగే పని ఆంటీది. గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో ముంచి, పాత చీరముక్కతో తుడిచి, తీగ మీద ఆరేసేది.

"మీ అంకుల్ పేరంతా నేనే కాలవలోకి వదిలేశాను బాబూ" అని నవ్వేది ఆంటీ. "ఒక్కోసారి సరిగ్గా వదిలేది కాదు. చీరల పక్కన ఏనుగులు వేలాడేవి. పక్కింటి చైనా ఆవిడ పిల్లల్ని తెచ్చి చూపించేది."

ఆంటీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు తోటలో జ్వరమొచ్చి ఆవిడ ఎడమ కాలు కాస్త పొట్టి అయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆవిడ నడక మాత్రం మహా జోరు. తెల్లారే మార్కెట్‌కి వెళ్ళొస్తుంటే కారిడార్ ఆ చివర నుంచే స్లిప్పర్ల చప్పుడు తెలిసిపోయేది. నేను ఆ చప్పుడుకే లేచేవాణ్ణి.

ఉన్న ఒకే ఒక్క జ్ఞాపకం ఒక బిస్కట్ డబ్బాలో ఉండేది. బుట్ట చంకనపెట్టుకుని మార్కెట్‌కి నడిచే ఆడమనిషి బొమ్మలు. ఏదో చీరల దుకాణం కోసం మొదలుపెడితే, వాళ్ళు వద్దన్నారు. షీట్ల మీదకి ఎక్కలేదు కనక కడగడమూ జరగలేదు. పెన్సిల్ కాగితాలు అలాగే మిగిలాయి. అంకుల్ వాటిని ఎడమచేత్తో పట్టుకుని, వేళ్ళ మధ్య నుంచి టపటపా వదిలితే ఆవిడ కొంగు ఊపుకుంటూ నడిచి వెళ్ళిపోయేది. ప్రపంచంలో అన్నింటి గురించీ గొప్పలు చెప్పే మనిషి, ఆ కట్ట చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. నేనది గమనించలేదు.

ఆ ఏడు ఇక్కడి మా తెలుగు సంఘం ఉగాది సభలో అంకుల్‌ని సన్మానించాలనుకున్నారు. స్టేజి వెనక తెర ప్రతి ఏడూ ఆయనే వేసేవాడు. మామిడి తోరణాలో, గోదావరిలో పడవో. ఆయన గోదావరిని ఎప్పుడూ చూడలేదు. బిస్కట్ డబ్బాలోని నడక బొమ్మల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తెర మీద నడిపిస్తానని నేను ముందుకొచ్చాను. అలాంటి సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులో ఉంది. ఈ బొమ్మా ఆ బొమ్మా ఇస్తే మధ్యలోవి అదే గీసుకునేది.

"మధ్య బొమ్మలు వాటికవే వచ్చేస్తాయేటి?" అన్నాడు అంకుల్.

"అవునంకుల్."

"మరి నీకెందుకురా జీతం?"

ఆంటీ పొట్ట పట్టుకుని నవ్వింది.

బొమ్మలన్నీ స్కాన్ చేశాక అంకుల్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏ బొమ్మ ఎంతసేపు నిలవాలో చెప్పాడు. ఫిల్ము సెకనుకి ఇరవైనాలుగు గడులు పరిగెడుతుంది. ఒక బొమ్మని మూడు గడులు ఉంచితే అక్కడ మనిషి కాస్త ఆగినట్టు ఉంటుంది. ఒక్క గడే ఉంచితే చటుక్కున దాటిపోతుంది. "దీనికి మూడు. దీనికి రెండు. ఇది ఒక్కటే, ఆగకూడదు, పోవాల. మళ్ళీ రెండు." నేను తలూపాను. రాసుకోలేదు.

ఆయన చెప్పింది గుర్తున్నంతవరకు పెట్టి చూస్తే, ఆవిడ ఎడమ పాదం మోపినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, ఆ పక్క భుజం కిందకి జారి, వెంటనే తొందరగా కుడికాలు మీదకి వెళ్ళిపోతోంది. మా సీడీల్లో బొమ్మలన్నీ నున్నటి గచ్చు మీద జారినట్టు నడిచేవి. నాకు తెలిసిన నడక అదే. నా కంటికి ఇది తప్పులా కనిపించింది. ముసలాయన, గీసి ఎన్నేళ్ళయిందో, పైగా చెప్పేది గుర్తు తప్పాడేమో అనుకున్నాను. అన్ని బొమ్మలకీ సమానంగా రెండేసి గడులు పెట్టాను. జారిన భుజాన్ని పైకి లేపాను. ఒక పూట పని. చూస్తే ఎంత ముచ్చటేసిందో!

శనివారం అంకుల్‌ని ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను పెట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి కూడా చూశాడు.

"స్మూత్‌గా ఉంది" అన్నాడు.

"బాగుందా అంకుల్?"

"స్మూత్‌గా ఉందన్నాను కదేటి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా జేబులో పెన్ను తీసి, మళ్ళీ పెడుతూ కూర్చున్నాడు. సంతోషం పట్టలేకపోతున్నాడనుకున్నాను.

సభ కోసం వేసిన పుస్తకంలో అంకుల్ జీవితం మీద రెండు పేజీలు నేనే రాశాను. ప్రేమగానే రాశాను. అలమర తలుపు, తీగ మీద ఏనుగులు, అన్నీ ఉన్నాయి. చివర మాత్రం ఇలా ముగించాను: వయసు మీదపడి మాస్టారి చెయ్యి వణికిన చోట్ల నేటి కంప్యూటర్ ఆసరా ఇచ్చింది. కొత్త తరం పాత తరాన్ని చెయ్యి పట్టుకుని నడిపించడమంటే ఇదే కదా.

ఆ బొమ్మలు ముసలితనంలో గీసినవి కూడా కావు. ఆయనకి ముప్పై ఏళ్ళప్పుడు గీసినవి. ఆ సంగతి తెలిసే రాశాను. వాక్యం బాగా కుదిరిందని ఉంచేశాను.

సభ రోజు సాయంత్రం తెర మీద ఆ బొమ్మ నడుస్తుంటే హాలంతా చప్పట్లు. నా పక్క కుర్చీలో ఉన్న ఆంటీ మెల్లగా అడిగింది, "ఎవరు బాబూ ఈవిడ?"

"అదేంటాంటీ, అంకుల్ బొమ్మే కదా."

"అలాగా. సక్కగా నడుస్తోంది" అంది.

తరవాత కొద్ది వారాలకి, ఒక ఆదివారం పొద్దున మార్కెట్ నుంచి సంచులు మోసుకుంటూ ఆంటీ వెనక వస్తున్నాను. కారిడార్‌లోకి ఎండ ఏటవాలుగా పడి, ఆవిడ నీడ గోడ మీద ఆవిడతోపాటు నడుస్తోంది. ఎడమ పాదం దగ్గర ఒక్క క్షణం ఆగడం. భుజం జారడం. చటుక్కున కుడికాలు. చంకలో బుట్ట. మూడు, రెండు, ఒకటి, మళ్ళీ రెండు.

నేను సంచులతో అక్కడే నిలబడిపోయాను.

"ఏటయింది? బరువా? ఇలా తే" అంది ఆంటీ వెనక్కి తిరిగి.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. సభలో వేసిన ఆ నున్నటి నడక చూసి మా బాస్ నన్ను మెచ్చుకుని పెద్ద ప్రాజెక్టు ఇచ్చాడు. తప్పు చేశానని ఇంట్లో చెప్పడం కన్నా, ఇంకెవరూ గమనించలేదులే అనుకోవడం తేలికనిపించింది.

మరుసటి ఏడు ఉగాది కమిటీ సమావేశానికి నేనూ వెళ్ళాను. స్టేజి వెనక తెర సంగతి వచ్చింది. "అంకుల్‌ని ఇబ్బంది పెట్టడం ఎందుకండీ? చెయ్యి వణుకుతోంది కదా పాపం. ఈసారి డిజిటల్ ప్రింటు కొట్టించేద్దాం" అన్నారు ఒకరు. అందరూ జాలిగా తలూపారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నేను ప్లేట్లో గారె తుంచుకుంటూ కూర్చున్నాను.

ఆ కబురు అంకుల్‌కి ఫోన్లో చెప్పారు. "అలాగే, అలాగే. ప్రింటు బాగుంటాది" అన్నాడు. తెర కోసం కొని పెట్టుకున్న రంగుల డబ్బాలు మంచం కిందకి తోసేశాడు.

ఆ తరవాతే ఆయన కొత్త అలవాటు మొదలైంది. తెలుగువాళ్ళు చేరిన ప్రతి చోటా కాఫీ అడిగేవాడు, కప్పు అంచుదాకా పొయ్యమనేవాడు. పోసేవాళ్ళు ఆపితే, "ఇంకాస్త, ఇంకాస్త, భయమేటి?" అనేవాడు. సాసర్ మీద ఆ కప్పు పెట్టుకుని, ఒంటిచేత్తో, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి, ఆగి ఆగి అందర్నీ పలకరిస్తూ నడిచేవాడు. ఒక్క చుక్క తొణికేది కాదు. జనం దాన్ని ముసలాయన సరదా అనుకున్నారు. ఎందుకో నాకు తెలుసు. ఒకసారి నా ముందు ఆగి, కప్పు నా కళ్ళకి ఎదురుగా పట్టుకుని, "ఏరా, జీతం పెరిగిందా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు కష్టంగా ఉండేది.

నేను పెళ్ళి చేసుకుని వేరే పేటకి వెళ్ళిపోయాను. దీపావళికి స్వీట్లు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. కొన్నేళ్ళకి అంకుల్ పోయాడు. ఆంటీ ఆంగ్ మో కియోలో కూతురి దగ్గరకి వెళ్ళిపోయింది.

ఇటీవల ఒక గృహప్రవేశంలో, నన్నెరగని కొత్తాయన ఒకరు నాకే అంకుల్ కథ చెప్పాడు. "చెయ్యి ఎంత వణికేదంటే సార్, కప్పు పట్టుకుంటే కాఫీ అంతా ఒలికిపోయేదట."

నేను రాసిన అబద్ధం ఆ కాఫీని కూడా ఒలకబోసింది. ఇక ఉండలేక మర్నాడే ఆంటీ దగ్గరకి వెళ్ళాను.

ఆవిడకిప్పుడు మోకాళ్ళు పోయాయి. వాకర్ పట్టుకుని బాత్‌రూమ్ దాకా వెళ్తే గొప్ప. మొత్తం చెప్పాను. గడులు సమానం చేసింది, భుజం లేపింది, వాక్యం రాసింది, కమిటీలో నోరు మూసుకున్నది. ఆవిడ టీవీ సౌండు తగ్గించి విన్నది.

"తెలుసు బాబూ. నా నడక నాకు తెలవదేటి? మార్కెట్‌కి వెళ్ళనివ్వకుండా ఇంటి ముందు నన్ను అటూ ఇటూ నడిపించి గీశాడు. అన్నం మాడిపోయింది ఆ రోజు."

"మరి అంకుల్ నాతో ఎందుకు చెప్పలేదు? తప్పురా అని ఒక్క మాట అంటే మార్చేసేవాణ్ణి కదాంటీ."

"నేనూ అన్నాను. పుస్తకం చదివాక ఇంకా గట్టిగా అన్నాను. పోయి చెప్పు, నా చెయ్యి కాదు, మా ఆవిడ నడకే అలాగుంటాది అని చెప్పు అన్నాను. ఇనలేదు. పదిమందిలో నీ కాలు గురించి నేను మాట్లాడతానేటే, నన్ను వణుకుడోడు అనుకున్నా పర్లేదు, సుడా, అయిపోయింది అన్నాడు." సుడా అంటే ముగిసిందని. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు సిగ్గేటీ లేదు బాబూ. ఈ కాలుతోనే ఇంత కాలం తిరిగాను. ఆయనకే, ఎవరైనా నన్ను చూసి ఏమన్నా అంటారేమోనని."

స్కాన్ చేసిన అసలు బొమ్మలు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. భుజం కిందకి దించడం తేలికే. కానీ ఏ బొమ్మ ఎంతసేపు నిలవాలో ఇన్నేళ్ళ తరవాత నాకు పూర్తిగా గుర్తులేదు. చూసి పట్టుకుందామంటే ఆ నడకా ఇప్పుడు లేదు. ఆ మాటే అన్నాను.

ఆంటీ వంటింటి వైపు తిరిగి కూతుర్ని పిలిచింది. "ఆ మైలో డబ్బా, చెంచా తే."

"ఎందుకమ్మా? డాక్టర్ నో షుగర్ అన్నాడు లా."

"తాగడానికి కాదే."

డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను నడిపించి ఆయన కుంచె కాడతో బల్ల మీద కొట్టుకునేవాడు, లెక్క కోసం. నా స్లిప్పర్ చప్పుడుకి సరిగ్గా." చెంచా ఎత్తి కొట్టడం మొదలుపెట్టింది. టక్. ఆగింది. టక్ టక్. టక్. మళ్ళీ ఆగింది. నేను ఫోన్లో రికార్డు చేస్తున్నాను. అది పొద్దున్నే నన్ను నిద్ర లేపిన కారిడార్ చప్పుడు.

వారం తరవాత లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. వాళ్ళమ్మాయి దాన్ని టీవీకి తగిలించింది. తెర మీద ఆవిడ వచ్చింది. ఎడమ పాదం మోపింది, ఆగింది, భుజం జారింది, చటుక్కున ముందుకి పోయింది. కొంగు వెనకాల పరిగెత్తింది. నేను నునుపు చేసినప్పుడు కొంగు అలా ఎగరలేదు. ఆ జోరంతా ఆ ఆగడంలోంచే వస్తోంది.

"అమ్మా! అది నువ్వే కదా" అంది కూతురు. ఆమె ఆ బొమ్మలు సరిగా చూడటం అదే మొదటిసారి.

ఆంటీ టీవీ రిమోట్ చేతిలోకి తీసుకుంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను. "సూడు ఎంత పొగరో" అంది, తనని చూసుకుని. "ఎవరికీ దారి ఇచ్చేలా లేదు."

వచ్చే ఉగాది సభలో ఇది చూపిస్తానని, పుస్తకంలో అసలు సంగతి రాస్తానని చెప్పాను. కానీ అలా రాస్తే ఆవిడ కాలు సంగతి రాయకుండా కుదరదు. అంకుల్ వద్దన్నది అదే. అందుకని అనుమతి అడిగాను.

"రాయి" అంది ఆంటీ. "వంకరున్నది నా కాల్లోన. ఆయన చేతిలో కాదు. ఆ మాట అలాగే రాయి. ఆయన అడిగితే నేనే రాయమన్నానని చెప్తాలే."

అలాగే రాశాను. ఆ రోజు నేను లేస్తుంటే ఆవిడ రిమోట్ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. టీవీలో ఆ మనిషి బుట్ట చంకనపెట్టుకుని మార్కెట్‌కి వెళ్తూనే ఉంది. ఆంటీ కాలు కుర్చీ కింద, ఎడమ స్లిప్పర్ మీద, మెల్లగా తాళం వేస్తోంది.